రొబేర్ నాంతోయ్: రాగి రేకు మీద మనిషి ముఖం

ఒక విదేశీ మ్యూజియం వెబ్‌సైటులో 1657 నాటి పాంపోన్ ద బెల్లియేవ్ర్ రూపచిత్రం చూశానని, దాని కింద రొబేర్ నాంతోయ్ అనే పేరు కనిపించిందని రాశారు. ఈయన ఎవరు, కెమెరా లేని కాలంలో ఫోటో అంత నునుపైన ముఖం గీతలతో ఎలా తెచ్చాడు, పెయింటింగును చూసి రాగి మీద నకలు దించేవాడికి కళాకారుడన్న పేరు ఎందుకు అని మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మూడోది చాలామంది మనసులో ఉండే సందేహమే. ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి అచ్చు తీసే కళ, తరగతులు నడిపిన ఇన్నేళ్లలో నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న కూడా అదే. అందుకే తీరికగా జవాబు రాస్తున్నాను.

ముందు ముఖ్యమైన మాట. నాంతోయ్ రెండు వందలకు పైగా రూపచిత్రాలు చెక్కాడు. వాటిలో ఎక్కువ భాగం ఎవరి పెయింటింగుకూ నకళ్లు కావు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందు తానే కాగితం మీద గీసేవాడు. ఆ బొమ్మను ఆధారం చేసుకుని తానే రాగి రేకు మీద చెక్కేవాడు. అలాంటి ప్రింట్ల అంచున, సజీవంగా ఎదుట చూసి గీసి చెక్కినది అనే అర్థం వచ్చేలా లాటిన్‌లో సంతకం పెట్టేవాడు. మీరు చూసిన బెల్లియేవ్ర్ మాత్రం మినహాయింపు. అది చిత్రకారుడు షార్ల్ ల బ్రన్ వేసిన రూపచిత్రం ఆధారంగా చేసినది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ మినహాయింపు కూడా మీరు అనుకున్నంత సులువైన నకలు కాదు.

నాంతోయ్ 1623లో ఫ్రాన్సు ఈశాన్య ప్రాంతంలోని రీమ్స్‌లో ఒక ఉన్ని వర్తకుడి ఇంట పుట్టాడు. చదువులు చెప్పే జెస్యూట్ అనే కేథలిక్ సంఘపు పాదిరీల దగ్గర చదువుకున్నాడు. లాటిన్, తత్వశాస్త్రం బాగా వంటబట్టాయి. ఆ కాలంలో విద్యార్థి తన సిద్ధాంతాలను పండితుల ముందు వాదించి నిలబెట్టుకోవాలి. ఆ సిద్ధాంతాలను బొమ్మతో సహా పెద్ద కాగితం మీద అచ్చు వేయించి పంచడం ఆనవాయితీ. 1645లో తన వంతు వచ్చినప్పుడు ఆ బొమ్మను నాంతోయ్ ఎవరిచేతా చేయించుకోలేదు, తానే చెక్కుకున్నాడు. రీమ్స్‌లో ఆయనకు పని నేర్పిన ఎన్‌గ్రేవర్, అంటే రాగి రేకు మీద బొమ్మ చెక్కే పనివాడు, నికొలా రెనెసోన్. మరుసటి ఏడు ఆయన సోదరినే పెళ్లి చేసుకుని, 1647లో పారిస్ చేరాడు.

పారిస్‌లో మొదటి రోజుల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని రాసిపెట్టినవాడు షార్ల్ పెరో, సిండరెల్లా కథను మనకు అందించిన ఆ పెరోనే. చేతిలో డబ్బు లేని నాంతోయ్, సోర్బాన్ విశ్వవిద్యాలయం దగ్గర కొందరు యువ మతాచార్యులు ఒక భోజనశాలలోకి వెళ్లడం చూశాడు. కాసేపాగి లోపలికి వెళ్లి, తాను గీసిన ఒక బొమ్మ చూపించి, ఈ ముఖం గలాయన ఇక్కడికి వస్తుంటారా, పేరు మరిచిపోయాను అని అడిగాడు. ఆ ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు, గుర్తుపట్టే వీలూ లేదు. కానీ బొమ్మ చేతులు మారింది. అందరూ మెచ్చుకున్నారు. మీకు కావాలంటే మీ బొమ్మలు కూడా తక్కువ ధరకే గీసిస్తానన్నాడు. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు, పేరు పాకింది, ధర పెరిగింది. పెరో దీన్ని రాసింది నాంతోయ్ చనిపోయి చాలా ఏళ్లయ్యాక, కాబట్టి కొంత కథనపు మెరుగు ఉండవచ్చు. అయినా నాకు ఇది నమ్మబుద్ధవుతుంది. మనుషుల మధ్యకు వెళ్లి, మాటల్లో పెట్టి, వాళ్ల ముఖాన్ని తనకు అప్పగించేలా చేసుకోవడం ఆయన చివరిదాకా చేసిన పనే.

ఆ తొలి బొమ్మలు ఎక్కువగా పార్చ్‌మెంటు (రాతకు వాడే పశుచర్మం) మీద గ్రాఫైటు (పెన్సిల్ ముల్లు)తో గీసిన చిన్న చిన్న ముఖాలు. చెక్కడంలో ఆయన మీద అప్పట్లో ముగ్గురి ప్రభావం కనిపిస్తుంది. రాగి చెక్కడం గురించి 1645లో మార్గదర్శక గ్రంథం అచ్చువేసిన అబ్రాం బోస్ ఒకరు. ఫిలిప్ ద షాంపేన్ ఇంకొకరు. ఈయన పెయింటర్, ఆడంబరం లేని గంభీరమైన ముఖాలకు పేరు. మూడో మనిషి క్లోద్ మెలాన్. ఈయన దగ్గర కాస్త ఆగాలి. మెలాన్ అడ్డగీతలు వాడడు. పక్కపక్కనే సాగే గీతలను అక్కడక్కడా లావు చేస్తూ, సన్నం చేస్తూ వెలుగునీడలన్నీ తెచ్చేస్తాడు. 1649లో ఆయన చెక్కిన క్రీస్తు ముఖం ప్రపంచ ప్రసిద్ధం: ముక్కు కొన దగ్గర మొదలైన ఒకే ఒక్క గీత సుడి తిరుగుతూ కాగితమంతా పరుచుకుంటుంది. కళ్లు, గడ్డం, ముళ్ల కిరీటం అన్నీ ఆ గీత లావెక్కడం వల్లే ఏర్పడతాయి. నాంతోయ్ తొలి ప్రింట్లలో ఈ మెలాన్ పద్ధతి స్పష్టంగా ఉంది. తర్వాత మెల్లగా దాన్ని వదిలేశాడు. ఎందుకు వదిలాడో అర్థం కావాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి.

పనిముట్టు పేరు బ్యురిన్. వేలెడు పొడవున్న ఉక్కు కడ్డీ, కొనను ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. వెనక పుట్టగొడుగు ఆకారంలో కొయ్య పిడి అరచేతిలో ఒదుగుతుంది. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్లను చూసే ఉంటారు. అక్కడ సూదిమొన దెబ్బకొక చుక్క పడుతూ పేరు ఏర్పడుతుంది. బ్యురిన్ పని అలా కాదు. ఇక్కడ దెబ్బ ఉండదు, తోపు మాత్రమే ఉంటుంది. అరచేయి తోస్తుంటే కొన రాగిలోకి దిగి ముందుకు సాగుతుంది, దాని ముందు రాగి సన్నని తీగలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. చేయి దాదాపు తిన్నగానే కదులుతుంది. వంపు కావలసినప్పుడు తిప్పేది చేతిని కాదు, ప్లేటును. అందుకే ప్లేటు కింద ఇసుక నింపిన తోలు దిండు పెట్టుకుంటారు. ఎడమ చేయి దాని మీద ప్లేటును తిప్పుతూ ఉంటుంది. చెంప గుండ్రదనాన్ని చూపే ఒక వంపు గీతకు రెండు చేతులూ ఒకే లయలో నడవాలి. కాస్త లోతుగా తోస్తే గీత వెడల్పవుతుంది, అచ్చులో నల్లగా పడుతుంది. పైపైన పోనిస్తే వెంట్రుకంత సన్నగా వస్తుంది. గీత మొదట్లోనూ చివర్లోనూ మొన తేలుతుంది కనుక రెండు కొసలూ సూదిగా ముగుస్తాయి.

చెక్కిన తర్వాత గీతల అంచున లేచిన గరుకును స్క్రేపరుతో తీసేయాలి. ప్లేటును కాస్త వేడి చేసి చిక్కటి సిరాను గీతల్లోకి దట్టిస్తారు. పైనున్న సిరాను గుడ్డతో, చివరికి అరచేత్తో తుడిచేస్తే సిరా గీతల్లో మాత్రమే మిగులుతుంది. తడి కాగితం పరిచి, పైన మెత్తని ఉన్ని బట్టలు కప్పి, రెండు రోలర్ల మధ్య నుంచి పంపితే ఆ ఒత్తిడికి కాగితం గీతల్లోకి దిగి సిరాను లాక్కుంటుంది. ఆరిన ప్రింటును పక్కవెలుగులో చూస్తే నల్ల గీతలు కాగితం కంటే కొంచెం ఎత్తుగా నిలబడి కనిపిస్తాయి. ఇక్కడొక చిక్కుంది. అచ్చులో అంతా కుడిఎడమలు తారుమారవుతుంది. కాబట్టి ప్లేటు మీద ముఖం తిరగేసి ఉండాలి, చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు కూడా తిరగేసే చెక్కాలి. గీత తప్పితే రబ్బరుతో చెరిపే వీలు లేదు. ఆ చోట రాగిని గీకేసి, నున్నగా రుద్ది, ఏర్పడిన గుంటను ప్లేటు వెనక నుంచి సుత్తితో మెల్లగా తట్టి పైకి తెచ్చి, మళ్లీ చెక్కాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఆ నునుపు ఎలా వచ్చింది? నాంతోయ్‌కు ముందు తరంలో గొప్ప పేరున్న డచ్ ఎన్‌గ్రేవర్ హెండ్రిక్ గోల్ట్జియస్ గీతలు లావెక్కుతూ, సన్నబడుతూ, ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు ఉంటాయి. చూసే కన్ను ముందు గీతను మెచ్చుకుని తర్వాత బొమ్మను చూస్తుంది. మెలాన్ సుడిగీత ముందూ ఇదే జరుగుతుంది. చెయ్యి ఎంత గొప్పదో అనుకున్న తర్వాతే ఎదుటి మనిషి గుర్తుకొస్తాడు. నాంతోయ్‌కు ఇది సరిపడలేదు. ఆయనకు కావలసింది ఎదుట కూర్చున్న మనిషి. అందుకని ముఖానికి వేరే పద్ధతి తయారు చేసుకున్నాడు.

ఆయన పరిణత దశ ప్రింటు ఒకటి తెరిచి, చెంప మీద వెలుగు పడిన చోటును బాగా పెద్దది చేసి చూడండి. అక్కడ దాదాపు ఖాళీ కాగితమే ఉంటుంది. కాస్త పక్కకు జరిగితే అతి సన్నని చుక్కలు మొదలవుతాయి. ఇంకాస్త నీడవైపు వెళితే ఆ చుక్కలే సాగి చిన్న చిన్న కోతలవుతాయి, అవి ముఖం కండ ఎటు వంగితే అటు వంగుతాయి. దవడ కిందికి వచ్చేసరికి కోతలు కలిసి గీతలవుతాయి, ముదురు నీడలో గీతలను గీతలు దాటుతాయి. చుక్క ఎక్కడ కోతగా మారిందో, కోత ఎక్కడ గీతగా మారిందో వేలు పెట్టి చూపించలేం. మామూలు దూరం నుంచి చూసే కంటికి ఇవేవీ కనిపించవు, చర్మమే కనిపిస్తుంది. జుట్టుకు, పట్టు బట్టకు, లేసుకు, ఇనుప కవచానికి మళ్లీ వేర్వేరు గీతల అల్లికలు. కానీ వాటన్నిటి స్వరం ముఖం కంటే ఒక మెట్టు కిందే ఉంచాడు. నా మటుకు ఆయన ప్రతిభకు ఇదే గట్టి రుజువు. బ్యురిన్ మీద అంత పట్టు సాధించిన మనిషి, దాన్ని ప్రదర్శించుకునే అవకాశం ప్రతి అంగుళంలోనూ వదులుకున్నాడు.

పద్ధతి ఒక్కటే ఉంటే ముఖాలన్నీ ఒక అచ్చున పోసినట్టు ఉండేవి. అలా లేకపోవడానికి కారణం ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం. చెక్కడానికి ముందు గీసుకునే ఆ బొమ్మలకు మొదట్లో గ్రాఫైటు, తర్వాత పాస్టెల్ (సుద్దముక్కల్లాంటి) రంగులు వాడాడు. ఇంగ్లండు నుంచి పారిస్ వచ్చి ఉంటున్న రచయిత జాన్ ఎవెలిన్ 1650లో ఆయన ముందు కూర్చున్నాడు. తన దినచర్యలో ఆ సంగతి రాసుకున్నాడు, ఆ ప్రింటు ఇప్పటికీ ఉంది. మంచి చదువు, చక్కటి మాటతీరు, సొంతంగా పద్యాలు అల్లే నేర్పు నాంతోయ్‌కు ఉన్నాయి. కదలకుండా కూర్చున్న మనిషి ముఖం కాసేపటికి బిగుసుకుపోతుందని పోర్ట్రెయిట్ వేసే ప్రతివాడికీ తెలుసు. ఆ బిగువు పడనీయకుండా మాట్లాడుతూ, పద్యాలు చదువుతూ, ఎదుటివాళ్ల కళ్లలో జీవం నిలబెట్టేవాడు. ప్రసిద్ధ రచయిత్రి మదలేన్ ద స్క్యుదెరీ తన రూపచిత్రం చూసుకుని నాలుగు పాదాల పద్యం చెప్పింది. అద్దంలో నా కళ్లంటే నాకు గిట్టదు, నాంతోయ్ పనిలో అవే కళ్లంటే నాకు ఇష్టం అని దాని భావం. ఉత్తరాలతో ఫ్రెంచి సాహిత్యంలో నిలిచిపోయిన మదాం ద సెవిన్యేను కూడా ఆయన పాస్టెల్‌లో గీశాడు. అది పారిస్‌లోని కార్నవాలే మ్యూజియంలో ఉంది.

ఈ దశలో ఆయన ఎవరెవరిని చెక్కాడో చూస్తే ఆనాటి ఫ్రాన్సు మొత్తం వరుసకట్టి నిలబడుతుంది. కవి షాప్లేన్, పండితుడు మెనాజ్, వారం వారం వార్తలను పద్యాల్లో రాసి వినిపించిన జాన్ లోరే, సేనాని ట్యురెన్, రాజమాత ఆన్, బిషప్పులు, న్యాయమూర్తులు. ప్రధానమంత్రి మజారిన్‌ను పద్నాలుగు సార్లు చెక్కాడు. మంత్రి ల తెల్లియేను పది సార్లు. 1650ల చివరికి పద్నాలుగో లూయీ ఆయనకు రాజు సొంత చిత్రకారుడు, ఎన్‌గ్రేవర్ అనే హోదా, ఏడాదికి 1000 లీవ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి నాణెం) భృతి ఇచ్చాడు.

అసలు ఘట్టం 1660లో వచ్చింది. మీ మూడో ప్రశ్నకు ఆనాడే ఒక రాజు చేసిన తీర్పు అనుకోవచ్చు. ఫ్రాన్సులో అప్పటికి చేతిపనులన్నీ సంఘాల కట్టుబాట్ల కింద నడిచేవి. సంఘంలో చేరాలి, రుసుము కట్టాలి, దాని నియమాలకు లోబడాలి. ఎన్‌గ్రేవర్లను కూడా అలాంటి సంఘంలోకి లాగే ప్రయత్నం జరిగింది. రాజు పెళ్లి కోసం స్పెయిన్ సరిహద్దు దగ్గర సేన్ జాన్ ద ల్యుజ్ పట్టణంలో ఉన్న సమయమది. మే 26న అక్కడి నుంచే శాసనం వెలువడింది. రాగి చెక్కడం దాన్ని చేసేవాళ్ల ఊహాశక్తి మీద ఆధారపడిన కళ, కాబట్టి దానికి వాళ్ల ప్రతిభే తప్ప వేరే నియమం ఉండకూడదు అన్నది దాని సారాంశం. చేతిపనుల జాబితా నుంచి తప్పించి, దాన్ని ఉదాత్త కళల్లో చేర్చారు. ఈ శాసనం వెనక నాంతోయ్ కృషి ఉందని మొదటి నుంచీ చెబుతూ వస్తున్నారు. ఆ మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. రాజుకు ఎదురుగా కూర్చుని మాట్లాడగల ఎన్‌గ్రేవర్లు అప్పుడు ఎందరున్నారు?

రాజు రూపచిత్రం ఆయన పదకొండు సార్లు చెక్కాడు. 1664 నాటిది రాజును ఎదుట చూసి చేసినది. యౌవనం ఇంకా తొణికిసలాడే ముఖం, పెదవి మీద చిన్న మీసం, కళ్లలో అప్పుడే స్థిరపడుతున్న అధికారం. తర్వాతి ఏళ్ల ప్రింట్లలో ముఖం బరువెక్కుతుంది, చూపు గట్టిపడుతుంది. అన్నీ వరుసగా పెట్టుకుని చూస్తే, పొగడ్త కోసమే చేయించుకున్న బొమ్మల్లో కూడా వయసును దాచలేదని తెలుస్తుంది. ఆయన రాజుగారి మనిషి. అధికారంలో ఉన్నవాళ్ల ముఖాలను ఊరూరా చేర్చడం ఆయన పనిలో భాగం. ఈ సంగతిని పక్కనపెట్టి ఆయన్ను మెచ్చుకోమని నేను అనను. కానీ ఆ ముఖాల్లో చూసినది చూసినట్టు పెట్టాడు. 1661లో ఆర్థికమంత్రి నికొలా ఫూకేను చెక్కాడు; ఆ ఏడాది సెప్టెంబరులోనే ఫూకే అరెస్టయి, మిగతా జీవితం జైల్లో గడిపాడు. ఆయన పతనానికి పావులు కదిపిన మంత్రి కోల్బేర్ ముఖం కూడా నాంతోయ్ పలుమార్లు చెక్కాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫూకే ముఖంలో మనుషులను ఆకట్టుకునే మెత్తదనం ఉంది, కోల్బేర్ ముఖంలో లెక్క తప్పనివ్వని బిగువు ఉంది.

కోల్బేర్ పేరు మన చరిత్రలోనూ ఉంది. 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని నిలబెట్టింది ఆయనే. ఆ కంపెనీ 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. సుమారు ఆ రోజుల్లోనే, మన కొల్లూరు గనిదని చెప్పే నీలి వజ్రాన్ని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే తీసుకెళ్లి పద్నాలుగో లూయీకి అమ్మాడు. మన నేలకు సంబంధించిన ఈ రెండు వ్యవహారాల్లోనూ అవతలి పక్క ఉన్న మనుషుల ముఖాలు, అదే దశాబ్దంలో ఎదుట కూర్చోబెట్టి గీసినవి, మనం ఇవాళ చూడగలుగుతున్నామంటే అది నాంతోయ్ పుణ్యమే. 1669 జనవరిలో లండన్‌లో నౌకాదళ ఉద్యోగి సామ్యూల్ పీప్స్ తన డైరీలో ఒక ముచ్చట రాసుకున్నాడు. ఒక మిత్రుడు తన కోరిక మీద ఫ్రాన్సు నుంచి నాంతోయ్ ప్రింట్లు తెచ్చాడని, వాటిలో రాజు, కోల్బేర్ ఉన్నారని, ఎంతో బాగున్నాయని సంతోషపడ్డాడు. పెయింటింగు అయితే ఒక గోడ మీదే ఉంటుంది. ప్రింటు సముద్రం దాటి ఒక గుమాస్తా స్థాయి నుంచి ఎదిగిన ఉద్యోగి బల్ల మీదికి కూడా వచ్చింది.

1660ల మధ్య నుంచి ఆయన ముఖాలను దాదాపు నిజ పరిమాణంలో చెక్కడం మొదలుపెట్టాడు. ఇది చిన్న సాహసం కాదు. అరచేతంత ముఖంలో సరిపోయిన చుక్కలు, కోతలు పెద్ద ముఖంలో పలచబడి విడిపోయినట్టు కనిపిస్తాయి. వాటిని కలిపి ఉంచాలంటే శ్రమ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ పెద్ద ప్రింట్లలో చాలావాటిని, తన చదువు రోజుల్లో చేసినట్టే, పండిత వాదాల పత్రాల పై భాగానికి వాడేవారు. పని పెరిగేసరికి సహాయకులు వచ్చారు. దుస్తులు, చట్రాలు, నేపథ్యం తరచుగా వాళ్ల చేతివే, ముఖం మాత్రం ఆయనదే. ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన పీటర్ వాన్ ష్యుపెన్ ఆయన శిష్యుల్లో పేరు తెచ్చుకున్నాడు. నా అభిప్రాయం చెప్పాలంటే, ఆ పెద్ద తలలు చూడగానే నివ్వెరపరుస్తాయి గానీ 1650ల చివర చేసిన చిన్నవాటిలో ఉన్న సాన్నిహిత్యం వాటిలో లేదు. లోరే లాంటి చిన్న ముఖాన్ని చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు ఆ మనిషి మనతో మాట్లాడబోతున్నట్టే ఉంటుంది. పెద్ద రాజు ముఖం ముందు మనం కొంచెం వెనక్కి జరిగి నిలబడతాం.

ఫ్లోరెన్స్ పాలకుడు మూడో కోసిమో దె మెదిచీ ఆయన పాస్టెల్ స్వీయచిత్రం సంపాదించాడు. అది నేడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత దొమెనికో తెంపెస్తీ అనే కుర్రవాణ్ణి పారిస్ పంపి నాంతోయ్ దగ్గర శిష్యరికం చేయించాడు. తెంపెస్తీ గురువు మాటలను, పద్ధతులను రాసిపెట్టుకున్నాడు. ఆ కాలపు ఎన్‌గ్రేవర్ ఎలా ఆలోచించేవాడో దగ్గరగా తెలిపే ఆధారాలు అలాంటివి చాలా తక్కువ. నాంతోయ్ 1678 డిసెంబరులో పారిస్‌లో చనిపోయాడు.

ఇక మీరు చూసిన బెల్లియేవ్ర్. ఆయన పారిస్ పార్లమెంటు అనే ఉన్నత న్యాయస్థానానికి ప్రథమాధ్యక్షుడు, ప్రింటు వెలువడిన 1657లోనే మరణించాడు. ల బ్రన్ పెయింటింగులో ఎరుపు ఉంటుంది, చర్మపు వెచ్చదనం ఉంటుంది, కుంచె పూత ఉంటుంది. నాంతోయ్ చేతిలో నలుపు, కాగితపు తెలుపు తప్ప ఇంకేమీ లేవు. ఎరుపు ఎంత ముదురు కావాలి, చర్మానికీ తెల్ల కాలరుకూ తేడా ఎంత మిగలాలి, ఏ గీత ఎటు వంగాలి అన్న నిర్ణయాల్లో ఒక్కటి కూడా పెయింటింగులో దొరకదు. అన్నీ ఎన్‌గ్రేవరే తీసుకోవాలి. మనుషులను ఎదురుగా చూసి గీసిన ఏళ్ల అనుభవం లేకపోతే ఆ ముఖం అలా వచ్చేది కాదు. ఈ ప్రింటును ప్రపంచంలోని ఉత్తమ రూపచిత్రాల్లో ఒకటిగా చాటినవాడు ఎవరో తెలుసా? బానిసత్వాన్ని నిర్మూలించాలని పోరాడిన అమెరికా సెనేటర్ చార్ల్స్ సమ్నర్. 1856లో సెనేట్ సభలోనే ఒక ప్రత్యర్థి చేతికర్రతో కొట్టిన దెబ్బలకు ఆయన చాలాకాలం కోలుకోలేకపోయాడు. ఆ విశ్రాంతి రోజుల్లో ప్రింట్లు చూడడం మొదలుపెట్టి, తర్వాత చెక్కిన రూపచిత్రాల మీద వ్యాసమే రాశాడు.

ఇలాంటి ప్రింటు కొనుక్కోవచ్చా అని చివర్లో అడిగారు. కొనుక్కోవచ్చు, కానీ తొందరపడకండి. రాగి మెత్తని లోహం. ప్రెస్సు కింద పడిన ప్రతిసారీ గీతలు కొంచెం అరుగుతాయి. అన్నిటికంటే ముందు పోయేవి చెంప మీది ఆ సన్నని చుక్కలే. అందుకే ఆలస్యంగా తీసిన ప్రతుల్లో ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా, చదునుగా ఉంటుంది, నీడలు బూడిద రంగులోకి మారతాయి. అలాంటిది చూసి నాంతోయ్ ఇంతేనా అనుకునే ప్రమాదం ఉంది. ప్రతి పాతదే అయినా, ప్లేటు అరిగాక తీసినదైతే దాని విలువ తక్కువ. బొమ్మ చుట్టూ ప్లేటు అంచు నొక్కిన గాడి ఉందా చూడండి. అయితే చాలా పాత ప్రింట్లను ఆ గాడి లోపలికే కత్తిరించేశారు కాబట్టి, అది లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పెడితే చేతితో తయారైన ఆ కాలపు కాగితంలో సమాంతర గీతలు కనిపించాలి. భూతద్దం కింద గీతల కొసలు సూదిగా తేలాలి, సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. గీతలకు బదులు సమాన దూరాల్లో వరుసలు కట్టిన చుక్కలు కనిపిస్తే అది ఫోటో పద్ధతిలో తర్వాత తీసిన నకలు. అమ్మేవారు ఎన్నో దశ ప్రతి (అంటే ప్లేటులో ఎన్నో మార్పు తర్వాత తీసినది) అన్నది చెప్పలేకపోతే, ఫోటోలు తెప్పించుకుని మ్యూజియం ప్రతితో చెంపను చెంపతో పోల్చుకోండి.

కొనకముందు చూడడం ఎలాగూ ఉచితమే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తమ దగ్గరున్న నాంతోయ్ ప్రింట్లలో చాలావాటిని పెద్ద పరిమాణంలో ఇంటర్నెట్‌లో పెట్టాయి. 1658 నాటి లోరేతో మొదలుపెట్టండి, తర్వాత మీ బెల్లియేవ్ర్, ఆ తర్వాత 1664 నాటి రాజు, చివర్లో 1670ల పెద్ద ముఖాలు. ప్రతిదాన్నీ ముందు తెర మీద చిన్నదిగా ఉంచి మనిషిని చూడండి, ఆ తర్వాతే గీతల్లోకి వెళ్లండి. బ్యురిన్ పట్టాలన్న ఆసక్తి కూడా ఉంటే చెప్పండి, మొదటి ప్లేటుకు ఏ మందం రాగి తీసుకోవాలో, మొన ఎలా పదును పెట్టాలో విడిగా రాస్తాను.